ఆరో రంగు గడ్డి

పదకొండో ఆవు పడిపోయేసరికి ఉదయం ఏడుంబావు అయింది.

మునెమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో చతికిలబడింది. చెవి బిళ్ళ మీద నలభైయేడు అని ఉంది గానీ ఆమెకది బొట్టావు. దాని కాళ్ళు సైకిలు తొక్కుతున్నట్టు గాలిలో కొట్టుకుంటున్నాయి. దవడలు బిగుసుకుపోయి నురగ కారుతోంది. కళ్ళు గిర్రున తిరుగుతున్నాయి.

"డాక్టరమ్మా! ఇది గూడా పాయ! బిన్నే రా తల్లీ!"

డాక్టర్ పర్వీన్ చేతిలో సెలైన్ సీసాతో పరుగెత్తుకొచ్చింది. గుండ్లమిట్ట ప్రభుత్వ పశుగ్రాస క్షేత్రానికి పశువుల డాక్టరుగా వచ్చి ఆమెకు నాలుగు నెలలే. ముప్పైరెండేళ్ళుగా అక్కడ ఆవులు మేపుతున్న మునెమ్మకు మాత్రం నాలుగు రోజుల్లోనే నచ్చింది. కారణం ఒకటే. పర్వీన్ గడ్డిని కాకుండా ఆవును చూసేది.

"పట్టుకో అక్కా, మెడ కదలనీకు" అంటూ పర్వీన్ నరానికి సూది ఎక్కించింది. మందు మెల్లగా దిగుతోంది. సగం సీసా అయ్యేసరికి కాళ్ళు కొట్టుకోవడం తగ్గింది. అప్పుడే జీపు వచ్చి ఆగింది.

దిగినవాడు డిప్యూటీ డైరెక్టర్ శ్రీధరమూర్తి. క్షేత్రానికి సర్వాధికారి. అందరూ డీడీ గారంటారు. ఆయన పడి ఉన్న పదకొండు ఆవులనూ చూశాడు. గబగబా నడిచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పరామర్శకే అనుకుంది మునెమ్మ. ఆయన జేబులోంచి ఒక ప్లాస్టిక్ అట్ట తీసి, పక్కనున్న గడ్డి పరకకు ఆనించి, కళ్ళు చిట్లించి చూశాడు.

"ఆరో రంగే" అని ఊపిరి వదిలాడు. "గడ్డికేమీ కాలేదు. ఇంతకీ సదరు పశువులు ఎవరి అనుమతితో గడ్డి మీద పడుకున్నాయి?"

"పండుకోలేదు సార్, పడిపొయినాయి" అంది మునెమ్మ.

"ఏదైనా ఒకటే. కింద గడ్డి నలుగుతోంది. ఆరు రోజుల్లో మన శాఖ కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారు."

ఆ అట్ట సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కిందట పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. దానితోపాటు అరచేయంత ప్లాస్టిక్ అట్ట. అట్ట మీద ఆరు పచ్చరంగులు, లేత నుంచి ముదురుకి. మొదటిది ఎండు అరిటాకులా ఉంటుంది, ఆరోది దాదాపు నల్లగా. ప్రభుత్వ గడ్డి ఏదైనా సరే ఆరో రంగులో ఉండి తీరాలని సర్క్యులర్. ఎన్ని రంగులు తగ్గితే ఎకరాకు అన్ని బస్తాల యూరియా, అన్ని బస్తాల పొటాష్ వేయాలి. మళ్ళీ అట్ట పెట్టి చూడాలి. చాలకపోతే మళ్ళీ వేయాలి.

సర్క్యులర్ గుండ్లమిట్టకు చేరేసరికి దాని మీద తొమ్మిది కవరింగ్ లెటర్లు పేరుకున్నాయి. దారిలో ప్రతి కార్యాలయమూ 'పై ఆదేశాల మేరకు సమాచారార్థం, తగు చర్య నిమిత్తం' అని ఒక కాగితం తగిలించి కిందికి తోసింది. అన్నిటికీ అడుగున అసలు సర్క్యులర్ ఉంది. అంత లోతుకు ఎవరూ వెళ్ళలేదు. తొమ్మిదో లెటరుకే అందరికీ భయం వేసింది.

గడ్డి కూడా భయపడినట్టే పెరిగింది. కానీ ఆవులతో ఒక చిక్కు వచ్చిపడింది. అవి గడ్డి తినేవి. తిన్నచోట మోడు మిగిలేది, మోడు మూడో రంగు. డీడీ గారు ఆవు కొరికిన ప్రతిచోటా మూడేసి బస్తాల లెక్కన ఎరువు చల్లించారు. మూడో ఏటికి ఎకరాకు తొమ్మిది బస్తాల పొటాష్ దాకా వెళ్ళింది. క్షేత్రం ఉన్న మిట్ట కింద రోడ్డు మీద బస్సులో పోయేవాళ్ళు పైన చెరువుందనుకునేవారు.

ఆవులకు మాత్రం ఆ గడ్డి నచ్చలేదు. కంచెకు మెడలు ఆనించి, అవతలి గుట్ట మీద ఎర్రమట్టిలో తమంతట తాము మొలిచిన పచ్చగడ్డీ పసుపుగడ్డీ తీగలూ చూస్తూ నిలబడేవి. మునెమ్మ ఆ మాట డీడీ గారి చెవిన వేసింది కూడా.

"సార్, ఈ గడ్డిలో ఏందో లేదు సార్. ఆవులు మొగం తిప్పుకుంటా ఉండాయి."

ఆయన రిజిస్టరులో రాయించాడు: 'పశువులలో అభిరుచి లోపము గమనించబడినది. సిబ్బంది వాటికి నచ్చజెప్పవలెను.'

మునెమ్మ నచ్చజెప్పింది. ఇప్పుడు పదకొండు పడిపోయాయి.

* * *

తొమ్మిది గంటలకల్లా విచారణ మొదలైంది. దాని కోసం డీడీ గారు ఏకసభ్య సంఘం వేశారు. ఆ సభ్యుడు ఆయనే. సంఘం హోదాలో ఆయన క్షేత్రాధికారికి ఉత్తరం రాసి వివరాలు కోరారు. క్షేత్రాధికారి హోదాలో ఆయనే బదులు రాశారు. బదులు సంతృప్తికరంగా లేదని సంఘం రెండో ఉత్తరం రాసింది. మధ్యాహ్నానికి ఆ ఇద్దరి మధ్య సంబంధాలు కొంచెం చెడ్డాయి.

"ఇది గడ్డి వల్లే సార్" అంది పర్వీన్, ఆయన గదిలో నిలబడి. "లక్షణాలన్నీ మెగ్నీషియం లోపానివే. మెగ్నీషియం ఎక్కించగానే ఆవులు లేస్తున్నాయి. గడ్డిలో అది లేదు."

డీడీ గారు చిరునవ్వు నవ్వారు. బీరువా తెరిచి ఒక ఫైలు తీశారు.

"మన గడ్డికి ఏటా ఖనిజ పరీక్ష జరుగుతుంది డాక్టర్ గారూ. చూడండి. మెగ్నీషియం సున్నా పాయింట్ మూడు ఒకటి రెండు శాతం. భేషైన గడ్డి."

పర్వీన్ చదివింది. పేజీ తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"పోయినేడూ సున్నా పాయింట్ మూడు ఒకటి రెండే ఉంది సార్."

"అవును."

"అంతకు ముందేడూ అంతే. ఎనిమిదేళ్ళుగా మూడో దశాంశం కూడా కదల్లేదు!"

"దాన్నే స్థిరత్వం అంటారు" అన్నారు డీడీ గారు గర్వంగా. "వానలు తప్పినా మన గడ్డి ప్రమాణం తప్పలేదు. కాబట్టి గడ్డి నిర్దోషి. గడ్డి కానప్పుడు ఇంకెవరు? చివరగా పశువులతో ఉన్నది ఎవరు?"

గుమ్మం దగ్గరున్న మునెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. 'ప్రభుత్వ పశువులను నిలబెట్టి ఉంచుటలో తీవ్ర నిర్లక్ష్యము వహించి, తద్వారా అవి నేలపై పడుటకు కారకురాలైనందున...' కమిషనర్ గారు వచ్చిన రోజున ఆయన సంతకంతో సస్పెన్షన్ ఆర్డరు ఇస్తారట. ఆర్డరు టైపై సిద్ధంగా ఉంది. రిటైరవడానికి మునెమ్మకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి.

"ముప్పైరెండేండ్లు డాక్టరమ్మా" అంది ఆమె మెమో మడతపెడుతూ. "ఒక్క దూడను గూడా గట్టిగా కొట్టిందాన్ని కాదు. ఇబ్బుడు ఆవుల్ని పడేసినదాన్ని అయితిని. ఊర్లోవోళ్ళు మొగాన ఊస్తారు."

"ఊరుకో అక్కా" అంది పర్వీన్. "ఒక్కటి చెప్పు. పరీక్షకు గడ్డి కోసేదెవరు?"

మునెమ్మ ఆలోచించింది. ఎనిమిదేళ్ళుగా గడ్డి కోసేది తనే. తను ఒక్కసారి కూడా పరీక్షకని కోయలేదు.

"ఎవురూ కొయ్యరే!" అంది మెల్లగా.

* * *

స్టోర్ కీపర్ చెంగల్రాయుడు మంచివాడు. పదేళ్ళుగా స్టోరులో ఒక్క మేకు పోలేదు. డాక్టరమ్మను వెంటబెట్టుకుని వచ్చి, తలుపు మూసి మునెమ్మ ఎదురుగా నిలబడేసరికి ఆయన కుర్చీలోంచి లేచాడు.

"రాయుడన్నా, పరీక్షకు పొయ్యే గడ్డి యాడిది?"

"మన... మన గడ్డే మునెమ్మా."

"నా మొగం జూసి చెప్పు."

చెంగల్రాయుడు డాక్టర్ వైపు చూశాడు, ఫైళ్ళ వైపు చూశాడు, చివరికి ఇనప్పెట్టె వైపు చూశాడు. దాని తాళం ఆయన మొలతాడుకే ఉంది. పెట్టె తెరిచి, గుడ్డ మూట విప్పి, అందులోంచి గాజు సీసా తీశాడు. నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. సీసాలో గుప్పెడు గడ్డి పొడి ఉంది.

"ఇదేంది?"

"పాసైన గడ్డి" అన్నాడు చెంగల్రాయుడు భక్తిగా.

పర్వీన్ వంగి సీసాలోకి చూసింది.

"తొమ్మిదేండ్ల కింద ఒక తూరి మన గడ్డి ఫెయిలైంది డాక్టరమ్మా. గడ్డికి మెమో ఇయ్యలేరు గదా? నాకిచ్చినారు. మరుసటేడు భయపడి గుట్ట మీద గడ్డి కోసి పంపిస్తి. పాసై పాయ! ల్యాబులో చిటికెడు వాడుకుని, మిగిలింది రూలు ప్రకారం వాపసు పంపించినారు. పాసైన గడ్డిని ఎవురన్నా పారేస్తారా? దాచిపెడితి. ఏటా అదే పంపిస్తా, మిగిలింది అదే వస్తాది. ఎనిమిదేండ్లలో ఒక్క తూరి గూడా ఫెయిలు కాలా." ఆయన సీసాను వెలుతురులో పెట్టి చూశాడు. "పొదుపుగా వాడితే ఇంకో మూడేండ్లు వస్తాది."

"నాఫ్తలీన్ ఎందుకు?" అంది పర్వీన్.

"పురుగు పట్టకుండా. ల్యాబువోళ్ళు గూడా పోయినేడు రాసినారు, గడ్డి మంచి వాసన ఉండాదని."

మునెమ్మ తల పట్టుకుంది. "ఓరన్నా! నువ్వు గుట్ట గడ్డిని పరీక్షకు పంపిస్తివి. సారు మిట్ట గడ్డిని ఆవులకు పెట్టె. పరీక్ష ఒకరిది, కూడు ఒకరిది!"

"నేనేం జేసేది మునెమ్మా? నాకు గూడా పెండ్లాం పిలకాయలు ఉండారు గదా."

"నాకు లేరా?"

చెంగల్రాయుడు బీరువా తెరిచాడు. రెండు కొత్త సంచులూ, రెండు ఫారాలూ తీశాడు. రెండు ఫారాల మీదా సంతకం పెట్టాడు. మునెమ్మ కొడవలి తీసుకుని బయలుదేరింది. ఒక సంచిలో మిట్ట మీది ఆరో రంగు గడ్డి, ఇంకో సంచిలో గుట్ట మీది గడ్డి. ఆ సాయంత్రం బస్సు కండక్టరు చేతికి రెండు సంచులూ అందాయి.

* * *

మర్నాడు డీడీ గారు ఒక చారిత్రక నిర్ణయం తీసుకున్నారు. గడ్డికి ప్రధాన శత్రువు ఆవు. కొరుకుతుంది, తొక్కుతుంది, ఇప్పుడు కొత్తగా మీద పడుతోంది. కాబట్టి కమిషనర్ గారి రాక వరకు పశుగ్రాస క్షేత్రంలోకి పశువుల ప్రవేశం నిషిద్ధం. గేటుకు బోర్డు కూడా పెట్టించారు: 'గడ్డి తినరాదు.' ఆవులకు ఎదురుగా ఉండేలా దాన్ని కంచె బయటి వైపు తిప్పించారు.

"మరి ఆవులేం తినాల సార్?" అంది మునెమ్మ.

"గుట్ట మీదికి తోలెయ్. అక్కడి గడ్డికి రంగు లేదు, గౌరవమూ లేదు. ఎంత తిన్నా అడిగేవాడుండడు."

మునెమ్మ కిక్కురుమనకుండా నలభై ఆవులనూ గుట్టకు తోలింది. మొదటి రోజు రెండు తూలాయి. రెండో రోజు ఒకటి. మూడో రోజు ఏదీ తూలలేదు. నాలుగో రోజు బొట్టావు తోక పైకెత్తి గుట్ట కిందికి పరుగు తీసి, ఎదురొచ్చిన చెంగల్రాయుణ్ణి స్టోరు దాకా తరిమింది.

"నిషేధం ఫలించింది" అని సంఘం క్షేత్రాధికారిని అభినందించింది.

ఆరో రోజు పొద్దున్నే ల్యాబు కవరు వచ్చింది. పర్వీన్ చింపి చదువుతుంటే మునెమ్మ ఆమె మొహం వైపే చూస్తోంది.

"గుట్ట గడ్డిలో మెగ్నీషియం సున్నా పాయింట్ మూడు. మిట్ట గడ్డిలో సున్నా పాయింట్ సున్నా తొమ్మిది! పొటాషియం మాత్రం మామూలు కంటే రెండింతలు దాటింది. అక్కా, పొటాష్ ఎక్కువ పోస్తే వేరు దాన్నే తాగుతుంది, మెగ్నీషియంను లోపలికి రానివ్వదు. నేలలో మెగ్నీషియం ఉన్నా గడ్డిలోకి ఎక్కదు. ఆ గడ్డి తిన్న ఆవుకు నరాలు పట్టు తప్పుతాయి."

మునెమ్మ కాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించింది.

"అంటే మదనపల్లి బస్సు మాదిరి. బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాళ్ళు ఏసి సీట్లన్నీ పట్టేసేది పొటాషు. పాపం మెగ్నీషియం టిక్కెట్టుకి చిల్లర పట్టుకోని కిందనే నిలబడిపొయ్యేది."

"అంతే! నేను ఐదేళ్ళు చదివింది అంతే" అంది పర్వీన్.

ఇద్దరూ డీడీ గారి దగ్గరికి పరుగెత్తారు. ఆయన కొత్త ఖద్దరు చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటున్నాడు. రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"ఇందులో రంగు కాలమ్ లేదు. కావున ఇది అసంపూర్ణ నివేదిక."

"సార్! దోషి పొటాష్ అని అంత స్పష్టంగా..."

"అయి ఉండవచ్చు డాక్టర్ గారూ. కాదనను. కానీ పొటాష్ మీద చర్య తీసుకునే అధికారం నాకు లేదు. పొటాష్ నా పరిధిలోని ఉద్యోగి కాదు. మునెమ్మ నా పరిధిలోని ఉద్యోగి." ఆయన దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. "దోషి అనేవాడు ముందుగా అందుబాటులో ఉండాలి."

* * *

పదకొండు గంటలకు షామియానా నిండింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వచ్చారు. వేదిక వెనక, ఈ చివర నుంచి ఆ చివరకు ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నిలువెత్తు కమిషనర్ గారి బొమ్మ, కింద మూరెడేసి అక్షరాలతో ఆయన పేరు.

కారు దిగిన కమిషనర్ గారు చురుకైన మనిషి. ఎవరి దండా వేయించుకోలేదు. నేరుగా కంచె దగ్గరికి వెళ్ళి గడ్డి చూశారు.

"బ్రహ్మాండం! ఇలాంటి పచ్చదనం రాష్ట్రంలో లేదు. ఆవులేవీ?"

"గడ్డి సంరక్షణార్థం వాటిని వెలివేశాం సార్" అన్నారు డీడీ గారు.

"ఆవు లేకుండా ఫొటో ఏమిటయ్యా? తోలించండి. గడ్డి మేస్తుండగా తీయాలి."

నలభై ఆవులు గుట్ట దిగి వచ్చాయి. గేటు దగ్గర ఆగిపోయాయి. బోర్డు చదివి కాదు. గేటుకు అడ్డంగా మునెమ్మ నిలబడి ఉంది.

"పోనియ్యను సార్."

షామియానాలో కలకలం రేగింది. డీడీ గారు పళ్ళు కొరుకుతూ పరుగెత్తారు. "ఏయ్ మునెమ్మా! జరుగు! సార్, ఈవిడే ఆ ముద్దాయి. సస్పెన్షన్ ఆర్డరు ఇదిగో, తమరి సంతకమే తరువాయి."

కమిషనర్ గారు ఆర్డరు తీసుకుని ఆమె వైపు చూశారు. "ఎందుకమ్మా అడ్డం?"

మునెమ్మ గేటును గట్టిగా పట్టుకుంది. "ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి సార్. ఈ గడ్డి తింటే పడిపోతాయి. పోయిన వారం పదకొండు పడె. ఈ డాక్టరమ్మ లేకుంటే పదకొండుకు పదకొండూ పొయ్యుండేవి. కాయితం ఉండాది, చూడండి."

పర్వీన్ రిపోర్టు అందించింది. ఆయన పైనుంచి కిందికి చదివారు. నుదురు ముడిపడింది. ఎంతైనా వ్యవసాయం చదువుకున్న మనిషి.

"ఎకరాకు ఎన్ని బస్తాల పొటాష్?"

"తొమ్మిది సార్" అన్నారు డీడీ గారు సంతోషంగా.

"తొమ్మిదా!" కమిషనర్ గారి అరుపుకు మైకు కీచుమంది. ఆయన వేదిక ఎక్కారు. "రైతులారా, విన్నారు కదా? ఈ అమ్మది తప్పు లేదు. ఒక్క ఆవు కూడా ఆ గేటు లోపలికి పోదు. మీ పొలాల్లో మీరెవరైనా ఇట్లా పోస్తారా?"

"పొయ్యం సామీ!" అన్నారు రైతులు.

"చదువుకున్నవాడు చేసే పనేనా ఇది? వాడెవడో నాకిప్పుడే తెలియాలి." ఆయన ఆర్డరులో మునెమ్మ పేరును పెన్నుతో బరబరా కొట్టేశారు. కింద సంతకం చేశారు. "సంతకం అయిపోయింది. పేరొక్కటే ఖాళీ. ఎవరి ఆర్డరు మీద పోశారు?"

డీడీ గారు చేతులు కట్టుకున్నారు. "పై ఆదేశాల మేరకు సార్."

"పైన ఎవరు?"

"వారు కూడా పై ఆదేశాల మేరకే సార్."

"ఫైలు తెప్పించండి. అన్ని కాగితాలకూ అడుగున ఎవడి సంతకం ఉందో వాడే దోషి. ఎంతటివాడైనా సరే వదలను. మైకులో చదవండి, ఊరందరూ వినాలి!"

చప్పట్లు మోగాయి. చెంగల్రాయుడు ఫైలు తెచ్చాడు. మైకు ముందు నిలబడి తొమ్మిది కవరింగ్ లెటర్లూ ఒక్కొక్కటే తిప్పాడు. పదో కాగితం చూశాడు. ఫ్లెక్సీ చూశాడు. కాగితం మళ్ళీ చూశాడు.

"క... కండ్లద్దాలు స్టోర్లో పెట్టి వస్తిని సార్. మునెమ్మా, నువ్వు చదువమ్మా" అని ఫైలు ఆమె చేతిలో పెట్టి వేదిక దిగిపోయాడు. కళ్ళద్దాలు ఆయన ముక్కు మీదే ఉన్నాయి.

మునెమ్మ చదువు అంతంతమాత్రం. సాయంకాలపు బడిలో పెద్దయ్యాక నేర్చుకున్నది. ఒత్తులొస్తే తడబడుతుంది.

"చదువమ్మా, భయపడకు" అన్నారు కమిషనర్ గారు పెన్ను తెరిచి ఆర్డరు మీద ఆనించి. "నేనున్నాను. ఒక్కో అక్షరం చెప్పు, రాసుకుంటాను."

"ఇట్లు... ప్ర... ప్రత్యేకాధికారి... హరిత విభాగం..."

"ఊఁ. హోదా కాదు, పేరు చెప్పు. పేరు."

"ప... సు..."

పెన్ను 'పసు' అని రాసింది.

"తర్వాత ముద్ర అలుక్కపొయ్యుండాది సార్. మ... మ పక్కన ఏందో ఒత్తు..." మునెమ్మ కాగితాన్ని ఎండకు పట్టింది, దగ్గరికి పట్టింది, దూరంగా పట్టింది. సాయం కోసం తల ఎత్తింది. ఎదురుగా ఫ్లెక్సీ ఉంది. ఆమె కళ్ళు కాగితం మీదికీ ఫ్లెక్సీ మీదికీ రెండు మూడు సార్లు తిరిగాయి. అక్షరానికి అక్షరం సరిపోయింది. మొహం విప్పారింది.

"ఓ, ఇదా! ఇంత పెద్దగా రాసి పెట్టినారు గదా సార్, ఇంగ సులువు" అని మైకు దగ్గరికి జరిగి, ఫ్లెక్సీలోంచి ఒక్క తప్పు లేకుండా, ఊరందరికీ వినపడేలా చదివింది:

"పసుమర్తి శేషాచలపతి గారు!"